దొంగగాలి

సిగ్నల్ పడితే చచ్చిపోయేది.
ఎగ్మూరు వంతెన మీద ఒకసారి,
డౌటన్ దగ్గర ఒకసారి, వెనక బస్సు హారన్ల మధ్య.
చోక్ పిడిని సగం లాగి
బట్టల క్లిప్పు పెట్టి నిలబెట్టి
ఇన్నాళ్ళూ నెట్టుకొచ్చాను.

పెరుంగళత్తూరులో పుట్టిన స్టాండర్డ్ వ్యాను.
ఫ్యాక్టరీ పోయింది, వ్యాను పోలేదు.
పెరంబూరు రైలుపెట్టెల కార్ఖానాలో చేసిన భక్తవత్సలం గారు
వెనక సీట్లు పీకి రెండు బల్లలు బిగించి
బెర్తులకు వేసే పచ్చ రెక్సిన్ తొడిగారు.
పడుకుంటే ఇప్పటికీ
ఏదో స్టేషన్ వస్తున్నట్టే ఉంటుంది.
నాకు అమ్మిన రోజు తాళంతో పాటు
కిరసనాయిలు స్టవ్వూ, దాని పిన్నూ ఇచ్చి
"దీన్ని తొందరపెట్టొద్దమ్మా" అన్నారు. అంతే.

ముగ్గురు మెకానిక్కులు.
ముగ్గురూ అదే మర మీద స్క్రూడ్రైవర్ పెట్టి
పావు చుట్టు అటు, అర చుట్టు ఇటు.
జెట్లు ఊదారు. సూది మార్చారు.
ఫ్లోటుని చెవి దగ్గర ఊపి విన్నారు
కొబ్బరికాయ బేరమాడేవాళ్ళలా.
వడపళని దాకా మర్యాదగా వచ్చి
మళ్ళీ గుటకలు మింగింది.

పుదుపేటలో ఏకాంబరం మరని ముట్టుకోలేదు.
ఇంజను తిరుగుతుండగానే
ఇరుసు పక్కన రెండు చుక్కలు
కుట్టుమిషను నూనె వదిలాడు.
దగ్గు ఆగింది.
ఒకటి, రెండు, మూడు.
నూనె లోపలికి పీల్చుకుని మళ్ళీ మొదలు.
"చూస్తిరా? ఈడనించి
దొంగగాలి పోతా ఉండాది."

విప్పి నా అరచేతిలో పెట్టాడు.
గుండ్రంగా ఉండాల్సిన కంత
కోడిగుడ్డులా సాగిపోయింది.
తొక్కిన ప్రతిసారీ వెంట్రుకలో వెయ్యోవంతు,
నలభై అయిదేళ్ళు.
భక్తవత్సలం గారి కుడికాలు.
తరవాత నాది.

నేను పళ్ళ ల్యాబులో తొడుగులు చేస్తాను.
ఎవరి నోట్లోనో సందు
ఎంత సన్నదైనా నాకు తెలుస్తుంది.
దీన్ని మాత్రం పదకొండు నెలలు
స్క్రూ తప్పే అనుకున్నాను.

లేత్ మీద ఇత్తడి కడ్డీ బిగించాడో లేదో
కరెంటు పోయింది.
వీధి వీధంతా ఒక్కసారి నోరు మూసుకుంది.
కూవం వాసన ఒక్కటే పని ఆపలేదు.
బోర్లించిన డ్రమ్ముల మీద కూర్చున్నాం.
వాళ్ళింట్లో నాలుగు తరాల తెలుగట,
రాయను రాదట.
"మా మాట మీకు నవ్వొస్తాదేమో" అన్నాడు,
బనీనుతో మెడ తుడుచుకుంటూ.

కొత్త బుష్షు ఎలా ఉండాలని అడిగాను.
"బిర్రుగా ఉండాల.
పట్టెయ్యగూడదు."
బిర్రు.
ఆ మాట ఉండాల్సిన చోట నా నోట్లో
ఎన్నేళ్ళ నించి "టైట్" కూర్చుందో తెలీదు.
అతను లేచి ఫ్యూజు చూడ్డానికి వెళ్ళాడు.
నేను రెండుసార్లు పైకి అనుకున్నాను.

మూడున్నరకి కరెంటొచ్చింది.
ఇత్తడి పొట్టు ముంగురుల్లా రాలింది.
చివరి తుడుపుకి కంత తొలిచే పనిముట్టు
నా చేతికిచ్చాడు, ఏమీ అనకుండా.
తిప్పాను. పీల్చాను. తిప్పాను.
ఇరుసు లోపలికి జారి
తన బరువుకి తానే ఆగింది.

ముందు సీట్ల మధ్య ఇంజను మూత.
దాని మీద ఏకాంబరం టీ గ్లాసు పెట్టాడు.
మొన్నటి దాకా అక్కడ పెట్టింది ఏదైనా
నా ఒళ్ళోకే వచ్చేది.
తాళం తిప్పాను.
టీ మీద సన్నటి వలయాలు,
అంచు దాకా వచ్చి ఆగి, మళ్ళీ నడుమ నుంచి.
ఒక్క చుక్క దాటలేదు.
ఇద్దరం దాన్నే చూస్తూ కూర్చున్నాం.
తాగడం ఎవరికీ గుర్తు రాలేదు.

మీనంబాక్కం ఎత్తులో మూడో గేరుకి
ఇంకా కొంచెం గొంతు సవరించుకుంటుంది.
సవరించుకోనీ.

బట్టల క్లిప్పు
దండేనికి తిరిగిచ్చేశాను.