రేవు కూలి

సిట్టాంగ్ రేవులో మా పడవకి ఏడు గడలు.
పొద్దుగూకాక అమ్మ వాటిని లెక్కపెట్టేది,
పిల్లల్ని లెక్కపెట్టుకున్నట్టు.

వాళ్ళు వచ్చిన ఏడాది
మా అన్న బా స్వే వాళ్ళకి ముందు నడుస్తూ వచ్చాడు,
పిక్కలకి పట్టీలు చుట్టి, వాళ్ళ టోపీ లాంటి టోపీ పెట్టి.
"తెల్లదొర పోయాడమ్మా, మనవాళ్ళొచ్చారు" అన్నాడు.
అమ్మ చుట్ట నోట్లోంచి తీసి
"మనవాళ్ళు కూలి ఎంతిస్తారు?" అంది.

కొత్త నోట్లిచ్చారు. ఫెళఫెళలాడేవి.
ఒక గోపురం బొమ్మ, తాటిచెట్లు.
చిట్ హ్లా మాస్టారు దీపం ముందు పట్టి చూసి
"నంబరు లేదే" అన్నాడు.
నంబరు లేని నోటు ఎన్నైనా అచ్చేసుకోవచ్చట.
మేం నవ్వాం. అప్పటికింకా బియ్యం దొరికేవి.

మూడేళ్ళు.
గుడ్డ కరువై గోనెసంచి చుట్టుకున్నాను,
నడిస్తే తొడలు ఒరుసుకుని మండేవి.
ఉప్పు తులాల్లోకి దిగింది.
సెలవుకి వచ్చిన అన్న
పొద్దున్నే ఈశాన్యానికి తిరిగి నడుం వంచేవాడు, అలవాటు కొద్దీ.
చెంప మీద నాలుగు వేళ్ళ అచ్చు.
సెల్యూట్ ఆలస్యమైందట.
"తమ్ముణ్ణి అన్న కొట్టడా?" అన్నాడు.
ఆ చెంపకి తనాఖా రాస్తూ అమ్మ,
"నీకు అన్నని నేను కన్లేదే" అంది.

ఆ ఎండాకాలం రంగూన్‌లో
బ్యాండు వాయించి మరీ వాళ్ళు
మావాళ్ళ పటాలాన్ని యుద్ధానికి సాగనంపారు.
పటాలం ఊరు దాటింది, రైలు కట్ట దాటింది,
భుజాల మీది గుర్తులు పీకి దుమ్ములో తొక్కి
తుపాకులు వెనక్కి తిప్పింది.

అన్న అర్ధరాత్రి వచ్చాడు.
"ఇవాళ్టి నుంచి వాళ్ళు శత్రువులు."
"మరి నిన్నటిదాకా?"
"నిన్న కూడానమ్మా. చెప్పలేదంతే."
అన్నం తింటున్నంత సేపూ
వాళ్ళు నేర్పిన పద్ధతిలోనే
తుపాకీ మోకాళ్ళ మీద అడ్డంగా పెట్టుకున్నాడు.

వానలకి ఏరు మూడింతలైంది.
సైన్యం కూలితే
గోడ కూలినంత చప్పుడన్నా వస్తుందనుకున్నాను.
రాలేదు.
ముందు బూట్లు పోయాయి, తర్వాత వరస పోయింది,
ఆ తర్వాత ఒకడి కోసం ఒకడు ఆగడం పోయింది.
వెదుళ్ళు కట్టగా కట్టి రాత్రిపూట దూకేవాళ్ళు.
తెల్లారేసరికి వెదుళ్ళు మా రేవుకి చేరేవి,
కట్టు ఊడకుండా.

ఒకడు పగలే వచ్చాడు. గుర్తుపట్టాను.
మా బడిలో మకాం పెట్టినప్పటి వంటవాడు, మియాషిత.
మా కోడిని ఎత్తుకుపోయి
మర్నాడు సిగ్గుపడుతూ ఈకలు తెచ్చిచ్చినవాడు.
ఇప్పుడు ఆ ముఖంలో పళ్ళూ కళ్ళే మిగిలాయి.
వంగి, రెండు చేతులా నోట్ల కట్ట చాచాడు.
తడిసి తడిసి అవన్నీ ఒకటే నోటయ్యాయి.

ఎక్కించుకుంటే
అవతలి ఒడ్డు రెల్లులో అన్న తుపాకీ.
లేదంటే ఏరు.
దేనికెంత కూలో నాకెవరూ నేర్పలేదు.

గడ ఒకటి తీసి అతని ముందు పడేశాను.
కుక్కకి ఎముక విసిరినట్టే విసిరాను, నిజం చెప్పాలి.
అతను దానిక్కూడా దండం పెట్టాడు.
నోట్లు బురదలో ఉంచి, మీద రాయి పెట్టి,
గడ చంకలో ఇరికించుకుని నీళ్ళలోకి దిగాడు.
తల కాసేపు కనిపించింది.
తర్వాత వాన కమ్మేసింది.

మునిమాపు వేళ అవతల ఒక్క పేలుడు.
అన్న భోజనానికి వచ్చాడు.
నేను అడగలేదు, తను చెప్పలేదు.
అమ్మ గడలు లెక్కపెట్టింది.
ఆరు. మళ్ళీ లెక్కపెట్టింది.
అన్నకి వినపడేలా "ఏడు" అంది.

తెల్లదొర జీపెక్కి తిరిగొచ్చాడు.
ఆ నోట్లిక చెల్లవని దండోరా వేయించాడు.
అమ్మ ఆ కట్టని గుగ్గిలంలో ముంచి
పడవ చీలికల్లో కూరింది.
నీళ్ళు బాగానే ఆపాయి.

అన్న తుపాకీ అప్పగించి రసీదు తెచ్చుకున్నాడు.
మాస్టారు దీపం ముందు పట్టి చూశాడు.
నంబరు ఉంది.