నీళ్లు పోసి చూడాలె

దుఖాన్ దారిలో తారు అయిపోయిన చోట
పికప్ ఆపేవాడు లింబాద్రి.
అక్కణ్ణుంచి నడకే.
బూటు కింద ఉప్పుపొర అప్పడంలా విరిగేది.

ఇరవై రెండేళ్లు నేను చదివింది
ఒక్క కణాన్ని.
జామకాయ ఆకారం, పలచని గులాబి ఒళ్లు,
నోటి చుట్టూ దువ్వెనపళ్లలా ఆడే శైలికలు.
లాటిన్ పేరు నోరు తిరక్క
లింబాద్రి దాన్ని ‘పిల్ల’ అన్నాడు.
నా పత్రాల్లో ఎక్కడా లేదు గానీ
ల్యాబులో అందరికీ అదే పేరు.

మొదటి పిల్లను పిపెట్‌తో పట్టింది ఒక శుక్రవారం.
అది రెండయింది. రెండు నాలుగు.
నా కాంట్రాక్టు రెన్యువల్ కాకుండా ఆగిన నెలలోనూ
అవి అవుతూనే ఉన్నాయి.
"మొదటిది ఎప్పుడు సచ్చింది మేడం?"
చావలేదన్నాను.
"మరి ఏడున్నది?"
దానికి ఇప్పటికీ నా దగ్గర గ్రాఫు లేదు.

ఎండలు ముదిరి మడుగు ఇంకేటప్పుడు
పిల్ల శైలికలు విడిచేస్తుంది,
తన నోటిని తనే మింగేస్తుంది,
గుండ్రంగా ముడుచుకుని చుట్టూ గోడ కట్టుకుంటుంది.
ఆ నోరు మాయమయ్యే కాసేపటి మీద
పదకొండు పత్రాలు రాశాను.
కంటిని మైక్రోస్కోపుకు ఆనించి చాలాసేపు చూసి
"మా క్యాంపుల గూడ గంతే మేడం,
జీతం ఆగిన నెలల" అన్నాడు లింబాద్రి.
ఆ మాటను ఏ పత్రంలోనూ ఉదహరించలేకపోయాను.

అతని వీసా అయిపోయిన మరుసటేడు
ఆగస్టులో, ఒక గురువారం రాత్రి చిల్లర్ ఆగింది.
ఆదివారం తలుపు తీస్తే ముందు వాసన వచ్చింది.
నూట ఆరు ఫ్లాస్కులు.
ఏడవలేదు. ఒక్కో నంబరూ కొట్టేస్తూ పోయాను,
పెన్ను రాయడం మానేస్తే ఇంకో పెన్ను తీసుకుని.

స్లైడుల సొరుగు అడుగున గోధుమరంగు కవరు.
లోపల చిటికెడు మట్టి, ఉప్పు, ఒక ఖర్జూరం గింజ.
పైన నీలి బాల్‌పెన్ను, వంకర అక్షరాలు:
‘బండిల రాలిన ఉప్పు. పారెయ్యద్దు.
నీళ్లు పోసి చూడాలె.’

పోశాను.
ఆ రాత్రి ఏమీ లేదు. మర్నాడూ లేదు.
మూడో రాత్రి, ఫజర్ అజాన్ కిటికీ అద్దాన్ని తాకే వేళ
ఒక గింజ లోపల ఏదో తిరిగింది.
గోడకు అవతల ఎవరో చీకట్లో
మళ్లీ నోరు కుట్టుకుంటున్నట్టు.

జగిత్యాలకు ఫోను చేశాను.
పిల్ల లేచిందన్నాను.
అటునుంచి కాసేపు ట్రాక్టరు చప్పుడే.
తర్వాత, రిజిస్టరు ముందేసుకుని కూర్చున్నవాడిలా
"ఎన్ని?" అన్నాడు.

ఒకటి, అన్నాను.
ఉండు, అని మళ్లీ కన్ను ఆనించాను.