మారు వడ్డన

రాజోలు వచ్చిన కొత్తలో
నాకు గిన్నెలు మూడు, గరిటె ఒకటి.
విత్తనాల కంపెనీలో ఉద్యోగం, ఊళ్ళమ్మట తిరుగుడు.
ఆకలెక్కడేస్తే అక్కడే బండికి స్టాండు.

అంబాజీపేటలో పనసాకు బుట్టలో ఉడికిన పొట్టిక్కని
ఆవిరి తగ్గకముందే ఒలిచి
వేళ్ళు ఊదుకుంటూ తిన్నాను.
తాటిపాకలో ఒకాయన పెసరట్టు మీద
చెయ్యి చూసుకోకుండా అల్లం జల్లుతాడు.
"ఘాటెక్కువైందండీ" అంటే
"ఆయ్, ఉంటాదండి" అంటాడు.
అంతే. తగ్గించడు.
మలికిపురం దారిలో ఒక మెస్సుంది,
పప్పు బాగుంటుంది, మనిషి బాగోడు.
అయినా మళ్ళీ వెళ్ళాను. పప్పు కోసమే.

ఇవన్నీ అయ్యాక ఒక మధ్యాహ్నం
లాకు పక్కన, బోర్డు లేని రేకుల షెడ్డులో
నూకరత్నం గారి బొమ్మిడాయిల పులుసు.

ఒంటిగంటకి వెళ్తే బల్ల దొరకదు.
తినేవాడి వీపు చూస్తూ నిలబడాలి,
అతను మజ్జిగకి వచ్చాడో లేదో
మోచెయ్యి కదలికని బట్టి లెక్కేసుకోవాలి.
నా వంతు వచ్చింది.
మొదటి ముద్దకి
ఫోను మోగుతుంటే ఎవరిదో అనుకున్నాను.

ఆదివారం అరకిలో కొన్నాను.
బూడిదేసి రుద్దితే
చచ్చినవే చేతిలోంచి జారి
సింకు కింద దాక్కున్నాయి.
కొత్త చింతపండు, సగం మాడిన మెంతులు,
పులుసు ఎర్రగా, నీళ్ళగా,
నాలాగే కంగారుగా ఉడికింది.
పక్క వాటా ధనరాజు గారు ఒక్క ముద్ద తిని
"మజ్జిగుందా?" అన్నారు, ఎంతో మర్యాదగా.

పై వారం మామిడికాయ ముక్కలేశాను.
ఆ పై వారం మట్టిదాక కొన్నాను, అది చీలింది.
పొయ్యి మీద పులుసు, పొయ్యి కింద పులుసు.
చివరికి సిగ్గు విడిచి ఆవిణ్ణే అడిగాను.
"ఏవుందండీ, అందరూ ఏసేయే."
చేతిలో గరిటె ఆగలేదు.
నేను డబ్బులిచ్చి చెప్పులేసుకుంటుంటే మాత్రం
వెనకనించి వినబడింది:
"గరిటెట్టి కలపకండి. దాకట్టుకుని కుదపండి."

వేసవిలో కాలవ కట్టేశారు.
లాకు దగ్గర గట్టు పని, షెడ్డు వారం మూత.
ఆ ఆదివారం నా పొయ్యి మీద దాక కుదుపుతూ ఉండగా
గుమ్మంలో నూకరత్నం గారు,
నేను మర్చిపోయిన కేరేజీ చేతిలో పట్టుకుని.

వాసన ఆవిడకి చెప్పక్కర్లేదు.
"తింటారా" అన్నది నేనేనా అని
నాకే అనుమానమొచ్చింది.
విత్తనాల బస్తా మీద కూర్చుంది.
కంచం ఒళ్ళో పెట్టుకుంది.
నేను వడ్డించాను. అన్నం ముద్దయింది,
ఉప్పు తక్కువ, పులుపు పళ్ళని లాగేస్తోంది,
నాకు తెలుస్తూనే ఉంది.

ఆవిడ మాట్లాడకుండా తింది.
ముల్లు తీసి కంచం అంచున వరసగా పెట్టింది.
తర్వాత కంచం ముందుకి జరిపి,
"ఇంకొంచెం ఎయ్యండి" అంది.

"బాగుందాండీ?"
"పులుపెక్కింది."
కాసేపాగి, ముద్ద కలుపుతూ,
కంచంలోకే చూస్తూ అంది:
"పదకొండేళ్ళండి, నేను కూకునుంటే
ఇంకోళ్ళు వడ్డించి."

నేను దాక మీద మూత సరిగ్గానే ఉన్నా
తీసి మళ్ళీ పెట్టాను.

కంచం కడగబోతే పడనివ్వలేదు.
తడి చేతులు కొంగుకి తుడుచుకుని
మెట్లు దిగుతూ అడిగింది,
"వచ్చే ఆదివారం ఏం చేత్తన్నారు?"
"ఇంకా అనుకోలేదండి."
"ఏదోటి చెయ్యండి."

నిన్న చేపలమ్మికి ఫోను చేసి
ఈసారి ముప్పావుకిలో ఉంచమన్నాను.