తిరుగు సగం

లింగిచెట్టి వీధిలో, మెట్లు అరిగిపోయిన మేడ మీద
ఇరవై ఆరేళ్ళుగా నేను సముద్రం అమ్ముతున్నాను.
ఇక్కడికి సముద్రం కనపడదు.
కిటికీ తెరిస్తే ఎదురుగా ఇనప కొట్టు,
గాలి దయతలిస్తే హార్బరు నూనె వాసన.

పోర్ట్ బ్లెయిర్‌కి మూడు పగళ్ళు, మూడు రాత్రులు.
వాంతులకి నిమ్మకాయ. బంకు కింద చెప్పులు జాగ్రత్త.
ఎవరడిగినా ఇదే పాఠం.
నేను మాత్రం ఒక్కసారీ ఓడెక్కలేదు.

మొదట వచ్చినవాళ్ళకి ఏమీ చూడాలని లేదు.
సోంపేట, కవిటి, బారువ...
ఊరి పేరు అడిగితే గొంతు తగ్గేది,
అప్పు ఎంతని అడిగినట్టు.
సంచిలోంచి ఒక తాపీ పిడో, చుట్టిన వలో తొంగిచూసేది.
ఒక వైపు టికెట్టే.
"తిరిగి రావడానికి?" అంటే
"సూద్దుంలే బాబూ" అనేవాళ్ళు, చిల్లర లెక్కపెట్టుకుంటూ.

తర్వాత చుట్టపుచూపులు మొదలయ్యాయి.
బావమరిది ఇంటికి స్లాబు పడిందట.
చెల్లెలికి పురుడట.
పినతండ్రి కొడుకు పంపిన ఫొటోలో
వాడి వెనక నీళ్ళు మరీ అంత నీలమా,
స్టూడియోవాడి తెరా అని పందెం కాసి వెళ్ళినవాళ్ళూ ఉన్నారు.
వీళ్ళు రెండు వైపులకీ కొన్నారు.
కొందరు గవ్వలతో తిరిగొచ్చారు.

కళింగపట్నం బోడెమ్మ పదిహేను రోజులకని వెళ్ళింది.
పద్నాలుగో రోజున ఎవరో బీచి దగ్గర
బొండాలు కొట్టే మనిషి కావాలన్నారట.
తిరుగు టికెట్టు పోస్టులో వచ్చింది, డబ్బు వాపసివ్వమని.
గడువు దాటితే ఇవ్వరు.
పారెయ్యడానికి చెయ్యి రాక సొరుగులో వేశాను.
దాని మీద ఇంకొకటి. దాని మీద మరొకటి.
ఇప్పుడా సొరుగు సగమే తెరుచుకుంటుంది.

ఈమధ్య అంతా విమానాలే, రెండు గంటలు.
కొత్త జంటలు వచ్చి చెబుతారు:
"అక్కడ మన తెలుగావిడ, బొండానికి డబ్బులే తీసుకోలేదండీ."
వాళ్ళ మాట విని ఇంకో జంట.
ఆ జంటకి గది ఊడ్చడానికి
బోడెమ్మ మేనల్లుడు కవిటి నుంచి.
నా పుస్తకంలో ఒకప్పుడు రెండు వరసలుండేవి,
పనికి, చూడ్డానికి.
మధ్యలో గీత గీయడం ఏ ఏడు మానేశానో గుర్తులేదు.

మొన్న వేసవిలో బోడెమ్మ మనవరాలు దిగింది.
పేరు మేఖల, పద్నాలుగేళ్ళు, పుట్టింది అక్కడే.
మెరీనా చూపిస్తానన్నాను.
నా మొహంలోకి చూసి, "సముద్రమా?" అంది జాలిగా.
తనకి రైలు కావాలి.

బీచ్ స్టేషను మా వీధి చివరే.
తాంబరం అంటే "ఎన్ని రాత్రులు?" అనడిగింది.
కిటికీ చువ్వ పట్టుకుని కూచుంది, కెరటం వస్తుందన్నట్టు.
ఫోర్ట్, పార్క్, ఎగ్మోర్.
దిగేవాళ్ళు దిగుతున్నారు, ఎక్కేవాళ్ళు ఎక్కుతున్నారు.
మాంబళం దాటాక అంది:
"ఇక్కడెవరూ చేతులూపరేం?"
నాకు జవాబు తోచలేదు, పల్లీలు కొనిపెట్టాను.
గిండీలో మా రైలు కదులుతుంటే
తనే ఊపింది, ప్లాట్‌ఫారం మొత్తానికీ.
పూలబుట్ట దించుకుంటున్న ముసలమ్మ ఒకామె
ఎవరోలే అనుకుని తిరిగి ఊపింది.

సోమవారం ఓడ.
ఒక వైపు టికెట్టు అడిగింది.
అలవాటు కొద్దీ నోరు జారాను:
"మరి తిరిగి రావడానికి?"
మేఖల నవ్వలేదు.
"ఇదే కదా మావయ్యా, తిరిగి వెళ్ళడం."

కార్బను కాయితం పెట్టడం మరిచిపోయి రాశాను.
ఆ టికెట్టుకి నా దగ్గర నకలు లేదు.