జయపురంలో బేరం

సాహు యార్డులో పెద్ద ట్రెయిలరుకి
ఏసీ ఉంది, నిలువుటద్దం ఉంది.
గవరయ్య కిందికి దూరి
కొండీ దగ్గర రంగుని గోటితో గీకాడు.
కొత్త పూత, పాత పగులు.
"పొట్టంగి ఘాటీలో ఇది నడుం విరుచుకుంటాది."

నేను చిన్నదాంట్లో నిండు చెంబు పెట్టి
"గోతుల్లో తిప్పుకు రా" అన్నాను.
సాహు నవ్వాడు.
లారీ వీపు మీది ఇనప పళ్ళెం కిర్రుమంది,
ఎర్రదుమ్ములో కలిసిపోయింది బండి.

తిరిగొచ్చేసరికి
చెంబు మెడదాకా నీళ్ళున్నాయి.

"ఫ్రిజ్ లేదు, మంచం పొట్టి."
సాహే చెప్పాడు, పాపం.
గవరయ్య పడుకుని చూశాడు,
మోకాళ్ళు మడిచాడు.

ఒలిసెపూలు విచ్చేవేళకి కొండెక్కాలి.
వెనక సగమంతా తేనెపెట్టెలే.
మనిషి మడుచుకుంటాడు.
తేనెపట్టు మడతపడదు,
విరుగుతాది.