గావా పోసే చెయ్యి

జహ్రా ఊరిచివర ఎన్నికల డేరా.
ఎర్ర తివాచీలు, ఏసీ గాలి, నాలుగొందల తెల్ల దిష్‌దాషాలు.
మైకు ముందు మిషారి గొంతు పెంచాడు:
"నాలుగేళ్లు కుర్చీలో కూర్చున్నాడు ఫలాహ్.
ఎడారిలో అద్దాల తోట వేశానన్నాడు.
ఆ ఎండతో ఒక్క బల్బయినా వెలిగిందా?
చూసినవాడుంటే లేచి చెప్పమనండి!"

ఎవరూ లేవలేదు.
నేను గావా పోస్తున్నాను.

ఆ తోటలో పలకలు తుడిచింది నేనే.
రెండేళ్లు. తెల్లారకముందే, చెమ్మ ఆరకముందే,
నేనూ రాజంపేట ఓబులేసూ చెరో వరస.
దుమ్ముగాలి లేస్తే మళ్లీ మొదటినుంచి.
నూటపదకొండో వరస దాటాక
పలక కింద ఇసుకలో
చుట్టచుట్టుకు పడుకున్న కేబులు,
ఏ స్తంభానికీ చేరని కేబులు.
మేస్త్రీని అడిగితే నవ్వాడు:
"నీకు జీతమిచ్చేది తుడిచేందుకా, వెలిగించేందుకా?"

అదీ నిజమే.
ఫోటోల్లో మాత్రం భలే మెరిసేవి.

మిషారి ఇంకోసారి అడిగాడు.
లేచి చెప్పడానికి నా అరబ్బీ సరిపోతుంది.
ఓటు లేదు.
ఈ గావా కంపెనీ ఫలాహ్ బావమరిదిది,
నా అకామా మీద సంతకమూ అతనిదే.
ఫింజాన్లు ఇంకా కడగాలి.

ఇంతలో దీపాలు రెపరెపలాడాయి.
మేనేజరు కళ్లతో సైగ చేశాడు.
డేరా వెనక రెండు జనరేటర్లు
నల్లగా దగ్గుతున్నాయి.
క్యాను వంచి డీజిల్ పోశాను,
గావా పోసినంత జాగ్రత్తగా,
ఒక్క చుక్క ఒలకకుండా.

లోపల వెలుగు నిలబడింది.
చప్పట్లు.