ఇరవై రోజుల ఇంగ్లండు

మా బామ్మర్ది దండాసి ఓడలో వంటవాడు.
కిందటేడు చీర తేలేదు, సెంటు తేలేదు,
చేటంత బరువున్న డబ్బా ఒకటి నా చేతిలో పెట్టి
"ఇందులో నలభై సీసాల ఇంగ్లీషు బీరుంది బావా,
నీళ్లొక్కటే నీవి" అన్నాడు.

డబ్బా మీద రాతి వంతెన, దాని కింద రెండు బాతులు.
చీమ తలకాయంత అక్షరాల్లో ఒక షరతు:
పద్ధెనిమిది నుంచి ఇరవై డిగ్రీలు.
పర్లాకిమిడిలో ఆ అంకె చెబితే నవ్విపోతారు.
మే నెలలో మా పెరటి గోడ మీద వడియం
పెట్టిన చెయ్యి తీసేలోగా ఎండుతుంది.
డబ్బాని బియ్యం డ్రమ్ములో పాతిపెట్టి
ఎనిమిది నెలలు ఊరుకున్నాను.

పుష్యమాసం. మహేంద్రగిరి మీంచి గాలి దిగింది.
నేను పశువుల ఆసుపత్రిలో కాంపౌండర్ని,
టీకాల పెట్టెలో థర్మామీటరు ఒక రాత్రికి అరువు తెచ్చాను.
వంటింటి మూల పందొమ్మిది.
ఇంగ్లండు మా ఊరికీ వస్తుంది,
ఏడాదికి ఇరవై రోజులు,
చెవులకి మఫ్లరు చుట్టుకుని.

మూత కింద ఈస్టు పొట్లం, పిల్లల జ్వరం మందులా.
దాని కింద తారు లాంటి పాకం.
వేలు పెట్టి నాకితే ముందు మొలకెత్తిన రాగుల తీపి,
నాలుక చివర్నించి వెనక్కి పోయేకొద్దీ
పేరు తెలియని ఏదో తీగ పువ్వు
ఊరుకాని ఊళ్లో అలిగి కూర్చున్నట్టు చేదు.

"పాలచెంబు కడగమంటే కడగని మనిషి
బకెట్టుని మూడుసార్లు కడిగాడు" అని
సుభద్ర పక్కింటి ఒడియావిడకి రెండు భాషల్లో చెప్పింది.
కడిగాను. వేడినీళ్లు, పంచదార, చల్లనీళ్లు.
మూతకి బెజ్జం చేసి సెలైను గొట్టం దిగేసి
రెండో కొస నీళ్ల సీసాలో ముంచాను.
దూడకి ఎక్కించాల్సిన గొట్టం, కొత్తదే.

మొదటి రాత్రి ఏమీ లేదు.
రెండో రాత్రి, కరెంటు పోయిన చీకట్లో,
బుడుక్.
చాలాసేపు ఆగి, ఇంకోటి.
తెల్లారేసరికి సీసా ఆగకుండా మాట్లాడుతోంది.
నలభయ్యేళ్ల వయసులో నేను
నిద్ర మానేసి బకెట్టు ఊపిరి లెక్కపెట్టాను.

సంత రోజు కొండ మీంచి సవర సొంబరు వచ్చాడు,
భుజాన ఆనపబుర్ర, దాన్నిండా జీలుగు కల్లు.
బకెట్టు ముందు గొంతుక్కూర్చుని విన్నాడు.
"జొరమా దీనికి?"
కాదన్నాను. పులుస్తోందన్నాను. చలి చూడాలన్నాను,
గాలి తగలకూడదన్నాను, పది రోజులన్నాను.
"మా చెట్టుకి ఇవేటీ తెలవదు బావూ,
పొద్దున్న కుండ కడతాను, మాపటికి తాగుతాను."

పదో రోజుకి మాటలాగాయి.
కూల్‌డ్రింకు సీసాల్లో అరచెంచా పంచదార వేసి నింపి
మంచం కింద వరసగా పడుకోబెట్టాను.
రోజూ ఒకదాని పొట్ట బొటనవేలితో నొక్కడం,
గేదె పొదుగు చూసినట్టు. మెత్తగా. ఇంకా మెత్తగా.
ఒకనాడు వేలు వెనక్కి తన్నింది.

మాఘంలో మొదటిది విప్పాను.
వానాకాలం ఏటినీళ్ల రంగు.
నురగ నేననుకున్నంత లేదు. చల్లగా తాగేది కాదట.
ఒక గుక్క తాగి నేనేమీ అనలేదు.
సుభద్ర వాసన చూసి "నేలవేము కషాయం" అంది,
గ్లాసు మాత్రం వెంటనే తిరిగివ్వలేదు.

సొంబరు తాగే ముందు నాలుగు చుక్కలు నేల మీద వొంపాడు.
మీ పెద్దలకా అన్నాను.
"మావోళ్లు దీన్నేటి చేసుకుంటారు?
మా కొండల్లో జొరమొచ్చి చచ్చిన దొరలు ఉండరా ఒకళ్లో ఇద్దరో,
ఆళ్లకి పోసినోడెవుడు ఇన్నాళ్లూ?"

నేల చప్పున పీల్చేసింది.
తర్వాత తాగాడు, కళ్లు మూసి, చాలాసేపు.
"చేదుంది బావూ. బాగుంది.
ఎవుళ్ల చేదో తెలీట్లేదు గానీ."

ఎండ గోడెక్కింది. థర్మామీటరు ఎప్పుడో వాపసిచ్చేశాను.
మంచం కింద ఇంకా ముప్ఫై ఒక్క సీసాలున్నాయి.
ఖాళీ డబ్బాలో సుభద్ర కొత్తిమీర జల్లింది,
బాతులున్న వైపు గోడకి తిప్పి.